ఈ వీకెండ్ పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలి? సీజన్‌ని బట్టి ముందే వెతికి పెట్టుకునే పద్ధతి

ఇంట్లో ఏడేళ్ల లోపు పిల్లలుంటే శుక్రవారం రాత్రికల్లా ఒక ప్రశ్న వచ్చి కూర్చుంటుంది: రేపు ఎక్కడికి? అప్పుడు ఫోన్ తీసి వెతికితే మంచి కార్యక్రమాల్లో సీట్లు అయిపోయి ఉంటాయి, పూలతోట చూడాల్సిన వారం దాటిపోయి ఉంటుంది, చివరికి మిగిలేది మాల్‌లో ప్లే జోన్ ఒక్కటే. ప్లే జోన్ చెడ్డదని కాదు. అది ఏడాది పొడవునా అక్కడే ఉంటుంది, ఎప్పుడైనా వెళ్లొచ్చు. నీటి గుంటలో తోకకప్పలు ఈదే వారాలు, చెరువు మీద వలస పక్షులు దిగే నెలలు, ఆకులు రాలి నేలంతా పరుచుకునే రోజులు మాత్రం మన కోసం ఆగవు.

అందుకే వెతికే పనిని శుక్రవారం రాత్రి నుంచి నెల మొదటి వారానికి మార్చుకోండి. నెలకు ఒక్కసారి అరగంట కూర్చుంటే చాలు. ఆ అరగంటలో ఏం చేయాలో, ఏది ముందు ఏది వెనక అన్నది వరసగా చెబుతాను.

1. ముందు పిల్లల టైమ్ రాసుకోండి

ఎక్కడికి అన్నదానికంటే ముందు తేలాల్సింది ఎప్పుడు, ఎంతసేపు అన్నది. పిల్లలు నిద్ర లేచే టైమ్, తినే టైమ్, మధ్యాహ్నం పడుకునే టైమ్ ఒక కాగితం మీద రాయండి. వాటి మధ్య మిగిలే ఖాళీయే మీ చేతిలో ఉన్న సమయం. రెండేళ్ల పాప ఏడింటికి లేచి ఒంటిగంటకు పడుకుంటుందనుకోండి. తయారవడం, ప్రయాణం, ఇంటికి రావడం పోగా మిగిలేది రెండు గంటలు. ఆ రెండు గంటల్లో పట్టేదాన్నే వెతకాలి. రోజంతా పట్టే కార్యక్రమం ఎంత బాగున్నా సరే, దాన్ని ఇంకో రెండేళ్ల తర్వాతికి పెట్టుకోండి. నిద్ర టైమ్‌ని జరిపి మరీ తీసుకెళ్తే అక్కడ ఏం చూపించినా పాపకి కనబడదు, మీకు ఏడుపే గుర్తుంటుంది.

ప్రయాణం విషయంలో నేను పాటించే లెక్క ఒక్కటే: రానుపోను పట్టే టైమ్ అక్కడ గడిపే టైమ్ కంటే ఎక్కువ కాకూడదు. గంటసేపు ఉండే చోటికి అరగంట దూరం దాటితే వద్దు.

వయసును బట్టి వెతకాల్సినవి మారతాయి. ఏడాది నిండని పిల్లల కోసం ప్రత్యేకంగా ఏదీ వెతకక్కర్లేదు. నీడ, గాలి, కదిలే కొమ్మలు ఉంటే వాళ్లకు చాలు, కాబట్టి మీకు నచ్చిన చోటికే వెళ్లండి. ఏడాది నుంచి మూడేళ్ల మధ్య పిల్లలకు కావాల్సింది భయం లేకుండా కిందికి దించగలిగే చోటు: చదునైన నేల, చుట్టూ కంచె, దగ్గరలో రోడ్డు గాని లోతు నీళ్లు గాని లేకపోవడం. వంద అడుగుల దారికి వాళ్లు అరగంట తీసుకుంటారు. మధ్యలో వచ్చే మెట్లు, గులకరాళ్లు, నీళ్ల పైపు, అన్నీ వాళ్లకు విశేషాలే. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు చేతికి పని ఉండాలి, ఏరడం, పోయడం, తవ్వడం, తడమడం. ఐదు దాటితే లెక్కపెట్టడం, వెతికి పట్టుకోవడం, మొదలుపెట్టినదాన్ని పూర్తి చేయడం మీద ఆసక్తి వస్తుంది. వేర్వేరు వయసుల పిల్లలుంటే టైమ్ చిన్నవాళ్లను బట్టి, విషయం పెద్దవాళ్లను బట్టి ఎంచుకోండి.

2. ఇప్పుడు తప్ప దొరకనిది ఏమిటో చూడండి

నెల ప్లాన్‌లో అసలు పని ఇదే. కాగితం మీద రెండు వరసలు గీయండి. ఒకదాంట్లో ప్రకృతి ఇచ్చేవి, రెండోదాంట్లో మనుషులు ఏర్పాటు చేసేవి. చాలామంది రెండో వరస మీదే పడతారు. నేను మొదటి వరసతో మొదలుపెట్టమంటాను. దానికి టికెట్ లేదు, క్యూ లేదు, పిల్లలకి విసుగొస్తే పది నిమిషాల్లో బయటపడొచ్చు.

వానాకాలం తీసుకోండి. పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టే కాలం అని మనం అనుకుంటాం గాని, చిన్నపిల్లలకు అంతకంటే నిండైన కాలం ఇంకోటి లేదు. వాన వెలిశాక తడి గోడ మీద నత్త కనిపిస్తే మెల్లగా తీసి పారదర్శకమైన డబ్బా మూత మీద పెట్టండి. అది కదలడం మొదలుపెట్టాక మూతను పైకెత్తి కింద నుంచి చూపించండి. నత్త పాదంలో సన్నని అడ్డగీతలు అలల్లా తోక వైపు నుంచి తల వైపుకి పరుగెడుతుంటాయి. అవి కండరాల కదలికలు, నత్త నడకంతా అదే. ఇక పైవైపు చూస్తే తల మీద రెండు జతల కొమ్ములుంటాయి. పొడవు కొమ్ముల చివర కనిపించే చుక్కలే కళ్లు. వేలు దగ్గరకి తీసుకెళ్తే అవి లోపలికి ముడుచుకుని, కాసేపటికి మళ్లీ నెమ్మదిగా బయటికి వస్తాయి. మూడేళ్ల పిల్లాడు దీని ముందు పావుగంట కదలకుండా కూర్చుంటాడు. అయ్యాక నత్తను తీసిన చోటే వదిలేసి, సబ్బుతో చేతులు కడిగించండి. నత్తలు కొన్ని పరాన్నజీవులను మోస్తాయి కాబట్టి ఆ కడుక్కోవడం మాత్రం మర్చిపోవద్దు.

ఇంద్రధనుస్సును కూడా వెతికి పట్టుకోవచ్చు. సూర్యుడు మన వీపు వెనక ఉండాలి, వాన ఎదురుగా ఉండాలి. సూర్యుడు ఆకాశంలో 42 డిగ్రీల కంటే కిందికి ఉన్నప్పుడే నేల మీద నిలబడ్డవాళ్లకు వానలో ఇంద్రధనుస్సు కనిపిస్తుంది. అందుకే నడినెత్తి ఎండలో వాన పడితే కనిపించదు, పొద్దున్నో సాయంత్రమో చూడాలి. సాయంత్రం ఎండా వానా కలిసి వచ్చాయంటే పిల్లల్ని తూర్పు వైపు చూసే కిటికీ దగ్గరకో మేడ మీదకో తీసుకెళ్లండి. ఉరుము వినిపిస్తే మాత్రం మేడ వద్దు, కిటికీ లోపలి నుంచే.

ఎండాకాలంలో పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత మాత్రమే బయట. ఆ పొద్దుటిపూట నీడతో ఆడించండి. పాపని సిమెంటు నేల మీద నిలబెట్టి పాదాల చుట్టూ సుద్దముక్కతో గీయండి, తర్వాత నేల మీద పడ్డ నీడ చుట్టూ కూడా. అరగంట తర్వాత అదే పాదాల గుర్తుల్లో నిలబడమనండి. నీడ గీత దాటి పక్కకి జరిగి, పొట్టిదైపోయి ఉంటుంది. "నా నీడ ఎక్కడికి పోయింది?" అని పాప అడిగితే ఆ రోజుకి మీ పని అయిపోయినట్టే. ఈ ఆటతో ఇంకో లాభం ఉంది. నీడ మనిషి కంటే పొట్టిగా ఉందంటే ఎండలో అతినీలలోహిత కిరణాలు గట్టిగా ఉన్నాయని అర్థం, ఇక లోపలికి వెళ్లిపోవాలి.

చలికాలం గొప్పతనం ఏమిటంటే తొందరగా చీకటి పడుతుంది. వేసవిలో నక్షత్రాలు వచ్చేసరికి పిల్లలు నిద్రపోతారు. చలికాలంలో రాత్రి నిద్రకు ముందే ఆకాశం సిద్ధంగా ఉంటుంది. చంద్రుణ్ణి చూపించాలంటే పున్నమి కంటే సగం చంద్రుడున్న రోజులు మంచివి. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంటల నీడలు పొడుగ్గా పడి, మామూలు బైనాక్యులర్‌లో కూడా స్పష్టంగా కనబడతాయి. పున్నమినాడు ఆ నీడలు ఉండవు కాబట్టి చంద్రుడు చదునుగా కనిపిస్తాడు. పున్నమికి చూడాల్సింది వేరే ఉంది. ఆ రోజు చంద్రుడు ఇంచుమించు సూర్యాస్తమయం వేళకే ఉదయిస్తాడు. తూర్పు వైపు తెరిపి ఉన్న చోట నిలబడితే పెద్ద చంద్రుడు పైకి రావడం పిల్లలు మొదటి నుంచి చూడొచ్చు. ఉల్కలు చూపించాలనుంటే డిసెంబర్ 13, 14 రాత్రుల్లో వచ్చే జెమినిడ్స్‌ని ఎంచుకోండి. ఆగస్టు 12, 13 ప్రాంతంలో వచ్చే పెర్సీడ్స్ పేరుకి ఎక్కువ గాని, అవి బాగా కనిపించేది అర్ధరాత్రి దాటాకే. జెమినిడ్స్ ఉత్తరార్ధగోళంలో అర్ధరాత్రికి ముందే మొదలవుతాయి కాబట్టి ఐదారేళ్ల పిల్లలు కాసేపు మేలుకొని చూడగలరు. ఆ ఏడాది ఆ రాత్రి వెన్నెల ఉందో లేదో ముందు చూసుకోండి. నిండు వెన్నెలలో ఉల్కలు చాలావరకు కనబడవు.

వలస పక్షులు, పూలు, సీతాకోకచిలుకలు, రాలే ఆకులు ఏ ప్రాంతానికి ఆ ప్రాంతంలో వేరువేరు నెలల్లో వస్తాయి. ఊహించక్కర్లేదు, తెలుసుకునే దారి ఉంది. ఐనేచురలిస్ట్ అనే ఉచిత యాప్‌లో మీ ప్రాంతాన్ని, నెలను ఎంచుకుంటే అక్కడ ఆ నెలలో జనం ఏయే జీవులను చూసి ఫోటో పెట్టారో కనిపిస్తుంది. పక్షులకైతే ఈబర్డ్ ఉంది. 2002లో మొదలైన ఈ వేదికలో మీ దగ్గర ఏ చెరువుకి, ఏ పార్కుకి ఎక్కువ పక్షులు వస్తాయో మ్యాప్ మీద చూపిస్తుంది, ఏ పక్షి ఏ వారాల్లో కనబడుతుందో గీతల పట్టిక కూడా ఇస్తుంది. పిల్లల చేతికే ఫోన్ ఇవ్వాలనుకుంటే సీక్ అనే యాప్ ఉంది. ఆకు మీదో పురుగు మీదో కెమెరా పెడితే పేరు చెబుతుంది, వాడటానికి అకౌంట్ తెరవక్కర్లేదు.

సముద్రం దగ్గర ఉండేవాళ్లు ఒక్క పట్టిక నేర్చుకుంటే చాలు: పోటు (నీళ్లు బాగా ముందుకొచ్చేది), పాటు (నీళ్లు బాగా వెనక్కి తగ్గేది) టైమ్‌లు. చాలా తీరాల్లో రోజుకి రెండుసార్లు పాటు వస్తుంది, ప్రతిరోజూ ముందు రోజు కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా. పాటు టైమ్‌కి గంట ముందు వెళ్తే నీళ్లు వెనక్కి పోతూ ఉంటాయి. రాళ్ల మధ్య మిగిలిన చిన్న మడుగుల్లో పీతలు, గవ్వలు చూపించి, నీళ్లు తిరిగి పెరగకముందే బయటికి రావచ్చు. ఈ శనివారం మీ పిల్లలు మేలుకుని ఉండే టైమ్‌లో పాటు లేకపోతే, వచ్చే శనివారానికి ఐదారు గంటలు జరిగి ఉంటుంది. పట్టిక ముందే చూసుకుంటే ఏ వీకెండ్ కుదురుతుందో తెలిసిపోతుంది.

3. ఏటా అదే రోజుల్లో వచ్చేవాటిని క్యాలెండర్‌లో వేసేయండి

ఇక రెండో వరస. మ్యూజియంలు, పార్కులు, సైన్స్ సెంటర్లు ఏదో ఒక రోజును అడ్డం పెట్టుకుని పిల్లల కోసం కార్యక్రమాలు చేస్తుంటాయి. ఆ రోజులు మీకు ముందే తెలిస్తే ప్రకటన కోసం ఎదురుచూడక్కర్లేదు, మీరే ఫోన్ చేసి అడగొచ్చు.

ఫిబ్రవరి 2 ప్రపంచ చిత్తడి నేలల దినం, చెరువులు, పక్షుల కేంద్రాల దగ్గర ఏదైనా ఉండొచ్చు. ఏప్రిల్ 22 ధరిత్రి దినం. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినం, 1977 నుంచి జరుగుతోంది, ఆ రోజున గాని ఆ వారంలో గాని ఉచిత ప్రవేశం పెట్టే మ్యూజియంలు చాలా ఉన్నాయి. జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినం. అక్టోబర్ 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారోత్సవం, ప్లానెటోరియంలు దీన్ని వదులుకోవు. 1957లో మొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది అక్టోబర్ 4నే. ప్రపంచ వలస పక్షుల దినం మే, అక్టోబర్ నెలల రెండో శనివారాల్లో వస్తుంది కాబట్టి వీకెండ్ కోసమే పెట్టినట్టుంటుంది.

వీటన్నిటిలో చిన్నపిల్లల ఇళ్లకు నేను గట్టిగా చెప్పేది గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్. 1998లో మొదలైంది, 2013 నుంచి ప్రపంచమంతా పాల్గొంటోంది. ఫిబ్రవరిలో శుక్రవారం నుంచి సోమవారం వరకు నాలుగు రోజులు. కనీసం పావుగంట ఒకచోట ఉండి కనిపించిన పక్షులను లెక్కపెట్టి నమోదు చేస్తే చాలు. ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, బాల్కనీలో కూర్చున్నా సరిపోతుంది. పావుగంట అన్నది ఐదేళ్ల పిల్లల ఓపికకి సరిగ్గా సరిపోయే కొలత. వాళ్లు లెక్కపెట్టిన అంకె నిజంగా శాస్త్రవేత్తలకు చేరుతుందని చెప్పండి. నాలుగు పావురాలు, రెండు కాకులు అయినా పర్వాలేదు, మామూలు పక్షుల లెక్క కూడా వాళ్లకు కావాలి.

4. సరైన చోట వెతకండి

"పిల్లలకి వీకెండ్ యాక్టివిటీస్" అని వెతికితే ప్రకటనలు ఇచ్చుకోగలిగినవాళ్లే ముందు వస్తారు. దానికి బదులు ముందు చోటును వెతకండి, ఆ తర్వాత కార్యక్రమాన్ని. మ్యాప్ తెరిచి ఇంటి చుట్టూ అరగంట దూరంలో ఉన్న లైబ్రరీలు, మ్యూజియంలు, ప్లానెటోరియం, బొటానికల్ గార్డెన్, మొక్కల నర్సరీలు, సందర్శకులను రానిచ్చే తోటలు, పొలాలు, పెద్ద పార్కులు గుర్తు పెట్టి సేవ్ చేసుకోండి. ఇది ఒక్కసారి చేస్తే సరిపోయే పని. తర్వాత నెలనెలా ఆ జాబితాలో ఉన్నవాళ్ల పేజీలు చూస్తే చాలు. ఈమెయిల్ సమాచారం పంపేవాళ్లయితే పేరు నమోదు చేసుకోండి.

పోయిన ఏడాది పాత ప్రకటనలు కూడా చదవండి. ఏటా జరిగేవి చాలావరకు అదే నెలలో, అదే వారంలో జరుగుతాయి. పోయిన అక్టోబర్ మూడో శనివారం విత్తనాల మేళా జరిగిందంటే ఈసారి సెప్టెంబర్ మధ్యలోనే రిమైండర్ పెట్టుకోండి. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. చాలా ప్రకటనల్లో తేదీ ఉంటుంది, సంవత్సరం ఉండదు. "18, శనివారం" అని ఉంటే ఈ ఏడాది 18వ తేదీ నిజంగా శనివారమేనా చూడండి. కాకపోతే అది పాత పోస్టు.

మనుషుల్ని అడగడం ఇంకా మంచిది. లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చేవాళ్లకు కథల గంట ఎప్పుడో, ఏ వయసు పిల్లలు వస్తారో తెలుసు. పార్కులో తోటమాలికి ఏ చెట్టు ఏ నెలలో పూస్తుందో, పిల్లలు ఆడుకోవడానికి ఏ మూల నీడ ఉంటుందో తెలుసు. ఆ సమాచారం ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు. పక్షులు చూసే బృందాలు, టెలిస్కోప్‌లతో ఆకాశం చూసే క్లబ్బులు చాలా ఊళ్లలో ఉన్నాయి. కొత్తవాళ్లని, పిల్లల్ని రానిచ్చే రోజులు వాళ్లకి ఉంటాయా అని అడగండి. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో అడిగేటప్పుడు "ఎక్కడికైనా వెళ్దామా, ఐడియాలు చెప్పండి" అంటే నలభై మెసేజ్‌లు వస్తాయి, ఒక్కటీ పనికిరాదు. "నాలుగేళ్ల బాబు, శనివారం పొద్దున తొమ్మిది నుంచి పదకొండు, నీడ ఉండాలి, ఈ నెలలో మీరు వెళ్లొచ్చిన చోటు ఏదైనా ఉందా?" అని అడిగితే రెండే జవాబులు వస్తాయి. ఆ రెండూ పనికొస్తాయి.

5. ఖాయం చేసే ముందు ఒక ఫోన్

బాగుంది అనిపించిన చోటికి వెళ్లే ముందు ఫోన్ చేయండి. పిల్లలకి తగిన టాయిలెట్ ఉందా, డైపర్ మార్చే చోటుందా, స్ట్రోలర్ వెళ్తుందా లేక మెట్లేనా, క్యూ ఎండలో ఉంటుందా నీడలోనా, వయసుకో ఎత్తుకో పరిమితి ఉందా, మధ్యలో బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లనిస్తారా. చివరి ప్రశ్న ముఖ్యం. ఏడుస్తున్న పాపని పది నిమిషాలు బయటికి తీసుకెళ్లి తిరిగి రాగలిగితే ఆ రోజు నిలబడుతుంది, లేకపోతే అక్కడితో సరి.

ఫోన్ ఎత్తకపోతే మ్యాప్‌లో రివ్యూలు చూడండి. ఐదు స్టార్లవి, ఒక స్టార్‌వి వదిలేసి మధ్యలోవి చదవండి. మెచ్చుకుంటూనే లోపం చెప్పేవాళ్లు అక్కడ ఉంటారు. రివ్యూల్లో "పిల్లలు", "టాయిలెట్", "పార్కింగ్" అని వెతకొచ్చు. ఫోటోలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని పోయిన నెలలో తీసినవి చూడండి. వెబ్‌సైట్‌లో పచ్చగా ఉన్న లాన్ ఈ నెలలో ఎండిపోయి ఉండొచ్చు, చెరువులో నీళ్లే ఉండకపోవచ్చు. ఏ గంటలో ఎంత రద్దీ ఉంటుందో చూపే చార్ట్ ఉంటే అదీ చూడండి. చిన్నపిల్లలతో తలుపులు తెరిచిన మొదటి గంటకి మించిన టైమ్ లేదు.

6. రెండో ప్లాన్ లేకుండా మొదటిది ఖాయం చేయకండి

ప్రతి బయటి ప్లాన్ పక్కన అదే దిక్కులో, కప్పు కింద ఉండే చోటు ఒకటి రాసుకోండి. వేరే దిక్కులో ఉంటే ఆ పొద్దున మారడం కుదరదు. పార్కు పక్కన లైబ్రరీ, చెరువు దారిలో చిన్న మ్యూజియం, ఇలా జతలుగా పెట్టుకోండి. శుక్రవారం రాత్రి చేయాల్సింది ఇక ఒక్కటే, గంటగంట వాతావరణం చూసి రెండిట్లో ఏదో తేల్చడం.

తేల్చడానికి నాలుగు విషయాలు చూడండి. యూవీ (అతినీలలోహిత కిరణాల) సూచిక 3 గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే టోపీ, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆరు నెలల లోపు పాపలకి సన్‌స్క్రీన్ కంటే నీడే సరైన రక్షణ, నేరుగా ఎండ తగలనివ్వకండి. గాలి నాణ్యత బాగోలేని రోజు పరుగులు పెట్టించే ఆటలు వద్దు, లోపలి ప్లానే మేలు. ఉరుము వినిపించిందంటే పిడుగు పడగల దూరంలో ఉన్నట్టే. వెంటనే భవనంలోకో కారులోకో వెళ్లండి, చెట్టు కిందికి కాదు, చివరి ఉరుము విన్నాక అరగంట ఆగండి. లోపల కూర్చున్నాక పిల్లలతో లెక్కపెట్టించండి: మెరుపు తర్వాత ఉరుముకి మూడు సెకన్లయితే సుమారు ఒక కిలోమీటరు. భయం లెక్కలోకి మారితే సగం తగ్గుతుంది. నాలుగోది ఆట స్థలంలో వస్తువుల వేడి, ఇది అక్కడికి వెళ్లాక చూసుకోవాలి. జారుడుబల్ల మీద మీ అరచేతి వెనక భాగం ఐదు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే పిల్లల్ని దానిమీద కూర్చోబెట్టకండి. ప్లాస్టిక్ అయినా సరే, ఎండలో కాలుతుంది.

నీళ్ల దగ్గర మాత్రం ప్రణాళికలన్నీ ఒక్క నియమానికి లొంగాలి. చిన్నపిల్లలు కొద్ది అంగుళాల నీళ్లలో కూడా మునిగిపోతారు, చప్పుడు కూడా రాదు. మడుగైనా, ప్లాస్టిక్ టబ్ అయినా, ఒక పెద్దవాళ్లు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉండాలి, ఫోన్ జేబులో ఉండాలి. "అందరం ఉన్నాంగా" అనుకున్న చోటే ఎవరూ చూడరు. అందుకే పేరు పెట్టి చెప్పుకోండి: ఇప్పుడు నువ్వు, పావుగంట తర్వాత నేను.

7. వెళ్లే రోజు

ఒక రోజుకి ఒక్కటే. జూ చూశాక దగ్గరే కదా అని పార్కు కూడా అనుకోకండి. శనివారం వెళ్తే ఆదివారం ఖాళీగా ఉంచండి. పిల్లలు చూసినదాన్ని ఇంట్లో ఆడుకోవడానికి ఆ ఖాళీ కావాలి, మీకూ కావాలి.

బ్యాగు ముందు రాత్రే సర్దండి. నీళ్లు, తినడానికి అలవాటైనవి, ఒక జత బట్టలు పిల్లలకి, ఒక చొక్కా మీకు, తడి బట్టలకి కవరు, చిన్న తువ్వాలు. బయల్దేరే ముందు పిల్లల్ని ఆ రోజు బట్టల్లో ఒక ఫోటో తీయండి. రద్దీలో తప్పిపోతే ఏ రంగు చొక్కా అన్నది టెన్షన్‌లో గుర్తుకురాదు, ఫోటో చూపించొచ్చు. మీ నంబరు ముంజేతి మీద పెన్నుతో రాయండి. మాటలు వచ్చిన పిల్లలకి లోపలికి వెళ్లగానే ఒక యూనిఫాం వేసుకున్నవాళ్లని చూపించి, నేను కనబడకపోతే వీళ్ల దగ్గరికి వెళ్లాలి అని చెప్పండి.

అక్కడికి వెళ్లాక దేని కోసం వెళ్లారో దాన్ని చూసే తీరాలన్న పట్టుదల వదిలేయండి. పూల ప్రదర్శనకి వెళ్తే బాబు గేటు దగ్గర చీమల వరస పట్టుకుని కూర్చోవచ్చు. కూర్చోనివ్వండి. మీరూ పక్కన కూర్చుని అవి ఏం మోసుకెళ్తున్నాయో, ఎదురుపడ్డప్పుడు మీసాలు ఎలా తాకించుకుంటున్నాయో చూడండి. టికెట్ డబ్బులు వృథా అయ్యాయని మనకి అనిపించే చోటే పిల్లలు ఎక్కువ చూస్తుంటారు.

బయటికి రావడం దగ్గరే ఎక్కువ ఏడుపులు మొదలవుతాయి. "ఐదు నిమిషాల్లో వెళ్దాం" అంటే మూడేళ్ల వాళ్లకి అర్థం కాదు. "ఇంకా రెండుసార్లు జారి వెళ్దాం" అంటే అర్థమవుతుంది. ఆ రెండూ వాళ్లే లెక్కపెట్టాలి. అలసిపోయాక కాదు, ఇంకా సరదాగా ఉండగానే బయల్దేరండి.

8. ఇంటికొచ్చాక రెండు లైన్లు

పిల్లలు పడుకున్నాక ఆ నెల కాగితం తీసి తేదీ వేసి రెండు లైన్లు రాయండి: అక్కడ ఏం కనిపించింది, టైమ్ సరిపోయిందా, ఏ గేటు దగ్గర నీడ ఉంది, పార్కింగ్ ఎన్నింటికి నిండిపోయింది. కాగితాలన్నీ ఒక ఫైల్‌లో ఉంచితే వచ్చే ఏడాది ఇదే నెలలో సగం వెతుకులాట తప్పుతుంది. కొత్త చోట్లు కావాలని ప్రతివారం పరుగెత్తక్కర్లేదు కూడా. ఇంటికి దగ్గరలో ఒక చెట్టునో కుంటనో ఎంచుకుని మూడు నెలలకొకసారి వెళ్లి, పిల్లల్ని దాని పక్కన ఒకే చోట నిలబెట్టి ఫోటో తీయండి. నాలుగు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తే, ఆకులు ఎప్పుడు రాలాయో నీళ్లు ఎప్పుడు నిండాయో నాలుగేళ్ల పిల్లలు వాళ్లంతట వాళ్లే వేలు పెట్టి చెబుతారు, ఈసారి ఎప్పుడు వెళ్లాలో కూడా వాళ్లే అడుగుతారు.